మళ్ళీ చెప్పమ్మ

ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు, మూడంతస్తుల భవనంలో చిక్కుకున్న ముప్పై ఒక్కమందీ క్షేమంగా బయటికి వచ్చేశారని ఫైర్ వాళ్ళు, పోలీసులు, ఒక పెద్దాఫీసరు ఏకాభిప్రాయానికి వచ్చారు. శాఖలన్నీ ఒక్క మాట మీద నిలబడటం మా ఊళ్ళో చాలా అరుదు. అదే సమయానికి నేను ఆ భవనం బేస్‌మెంటులో, చీకట్లో, నీళ్ళ మధ్య ఒక చెక్కపెట్టె మీద నిలబడి ఉన్నాను. నా అభిప్రాయం వాళ్ళెవరూ అడగలేదు. లెక్క సరిగ్గా తేలేదాకా ముగించేది లేదని మొండికేసింది ఒక్క మనిషి. ఆవిడ మా అత్తగారు. ఆ పొద్దున్నే ఆవిడతో పోట్లాడి, ఎక్కడికి వెళ్తున్నానో చెప్పకుండా ఇంట్లోంచి వచ్చేశాను.

మా అత్తగారు మునిసిపల్ ఆఫీసు పై అంతస్తులో ఎమర్జెన్సీ కంట్రోల్ రూములో పనిచేస్తుంది. ఎక్కడైనా అగ్గి అంటుకున్నా, గోడ కూలినా, వంతెన మీద బస్సు అడ్డంగా పడినా, కదలాల్సిన శాఖలన్నిటినీ కలిపి పట్టుకునేది అక్కడి నుంచే. గది చిన్నది. తెరుచుకోని కిటికీ ఒకటి, ఊరి పటం ఒకటి, గోడ గడియారం ఒకటి, పొడుగాటి బల్ల మీద ఐదు ఫోన్లు. ఏది ఎవరిదో తెలియడానికి ఒక్కో ఫోను మీద తెల్ల ప్లాస్టరు అంటించి పెన్నుతో ఆవిడే రాసింది: ఫైరు, పోలీసు, కరెంటు, నీళ్ళు, అంబులెన్సు. ఈ ఐదుగురికీ ఎవరి వైర్‌లెస్ వారిది. ఒకరిది ఇంకొకరికి వినపడదు. అందరిదీ వినపడేది ఆ బల్ల దగ్గర మాత్రమే. సమన్వయం అంటే ఏమిటత్తయ్యా అని పెళ్ళైన కొత్తలో అడిగాను. "వీళ్ళ చేతిలో ఏముందో వాళ్ళకి చెప్పడం" అని, కూర తరుగుతూనే జవాబిచ్చింది.

హోదా చూస్తే ఆ ఫోన్ల అవతల ఉన్న ఎవరికన్నా ఆవిడ చిన్నది. ఎవరినీ ఆజ్ఞాపించే అధికారం లేదు. అందుకని అందరినీ "సార్" అంటుంది. సార్ అన్న తర్వాత చెప్పేది మాత్రం వినితీరాలి, విన్నట్టు తేలేదాకా ఆవిడ ఫోను పెట్టదు కనుక. ఎవరికి ఏం చెప్పినా అదే మాటని వాళ్ళ నోటితో తిరిగి చెప్పించుకుంటుంది. "సార్, బండి తూర్పు గేటుకి రావాలి. మళ్ళీ చెప్పండి." "తూర్పు గేటుకి." అప్పుడు గానీ రిజిస్టరులో టైము వేసి రాయదు. ఒక్కసారి తిరిగి చెబితే చాలు, రెండోసారి అడగదు. అయినా శాఖలన్నీ కలిసి ఆవిడకి "మళ్ళీ చెప్పమ్మ" అని పేరు పెట్టాయి. అవి ఒక్క మాట మీద నిలబడిన సందర్భాల్లో అదొకటి.

ఆవిడకి ఈ జబ్బు ఊరికే రాలేదు. పంతొమ్మిదేళ్ళకి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరింది. యంత్రాలు వచ్చి ఆ ఉద్యోగాలు పోయాక, చెవి పెట్టి వినడం తెలిసినవాళ్ళు కావాలని కంట్రోల్ రూమ్ వాళ్ళు తీసుకున్నారు. చేరిన రెండో నెలలోనే ఒక పత్తి గోదాము తగలబడింది. ఆ వీధిలో ఫైర్ బళ్ళ కోసమే వేసిన పెద్ద నీళ్ళ పైపు ఉంది. దాని మూత తిప్పే తాళంచెవి నీళ్ళ శాఖ వాళ్ళు తెస్తారని ఫైర్ వాళ్ళు వచ్చారు. ఫైర్ వాళ్ళ దగ్గర ఉంటుందని నీళ్ళ శాఖ వాళ్ళు వచ్చారు. రెండు బళ్ళూ మూతకి చెరో పక్కన ఆగాయి. గోదాము నింపాదిగా కాలిపోయింది. అదృష్టం కొద్దీ మనుషులెవరూ లేరు. విచారణలో ఇద్దరు అధికారులూ నీళ్ళు నమిలి నమిలి చివరికి చెప్పిన జవాబు ఒకటే: "వాళ్ళు తెస్తారనుకున్నాం."

ఆ రోజు నుంచి మా అత్తగారి ముందు "అనుకున్నాను" అనడానికి వీల్లేదు. తిట్టినా ఊరుకుంటుంది గానీ ఆ మాటకి ఊరుకోదు.

ఇంట్లో మాత్రం ఈ గోల ఉండదా? మా మామగారు ముప్పై ఏళ్ళుగా తిరిగి చెబుతున్నారు. నిద్రలో కదిపినా "లీటరు పాలు, అరకిలో ఉల్లిపాయలు, ఐదింటికల్లా" అంటారు. మా ఆయన పెళ్ళికి ముందు నేనంటే ఇష్టమని చెప్పాడు. నాకూ ఇష్టమే అన్నాను. "మళ్ళీ చెప్పు" అన్నాడు. ఎంత ప్రేమో అని మురిసిపోయాను. అది పెంపకం అని కాపురానికి వచ్చాక తెలిసింది.

వంటింటి గోడకి ఒక తెల్ల బోర్డు ఉంటుంది. ఎవరు, ఎక్కడ, ఎన్నింటికి వస్తారు. గుమ్మం దాటే ముందు ప్రతివాళ్ళూ నోటితో చెప్పాలి, తిరిగి చెప్పాలి, ఆవిడ బోర్డు మీద రాయాలి. నాలుగేళ్ళు భరించాను. నేను రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్ని. కొన్ని రోజులు ల్యాబులో ఉంటాను, కొన్ని రోజులు ఇళ్ళకి తిరిగి రక్తం తీసుకుని వస్తాను. ఆ పొద్దున ఎందుకో ఒళ్ళు మండింది.

"ఇవాళ ఎక్కడ?" అంది బోర్డు దగ్గర నిలబడి.

"పనిలో."

"పని ఎక్కడ? ల్యాబులోనా, బయటా? ఎన్నింటికొస్తావు?"

"వచ్చినప్పుడు వస్తాను."

"అలా కాదమ్మాయ్. చెప్పు, మళ్ళీ చెప్పు."

"నేను ఫైరింజన్ని కాదత్తయ్యా!" అన్నాను. చెప్పులు వేసుకుని టకటకా దిగిపోయాను. ఆ మెట్లు దిగుతున్నంతసేపూ నాకు నేను ఎంత నచ్చానో చెప్పలేను. బోర్డు మీద నా పేరు ఎదురుగా ఆ రోజు ఖాళీ.

మా ల్యాబు ఉన్నది ఆ భవనం రెండో అంతస్తులో. కింద ఒక ఫర్నిచర్ షాపు, మొదటి అంతస్తులో దర్జీ దుకాణం, ట్యూషన్ సెంటరు, ఇంకా ఏవేవో. రెండు గంటల ఐదు నిమిషాలకి పరీక్ష గొట్టాల పెట్టె తేవడానికి బేస్‌మెంటులో ఉన్న మా స్టోరు గదికి వెళ్ళాను. ఇంకో పది నిమిషాలకి ఫర్నిచర్ షాపులో పాలిష్ డబ్బాలు అంటుకున్నాయి. వాచ్‌మన్ తనకి నేర్పినవన్నీ వరసగా చేశాడు. గంట మోగించాడు. పొగ కిందికి దిగకుండా బేస్‌మెంటు ఇనప షట్టరు లాగి గొళ్ళెం వేశాడు. కింద ఎవరూ లేరనుకున్నాడు. తర్వాత, వచ్చేపోయేవాళ్ళ సంతకాలున్న రిజిస్టరు బల్ల మీదే వదిలేసి, తన కుర్చీ పట్టుకుని బయటికి పరిగెత్తాడు. లోపల ముప్పై ఒక్కమంది ఉన్నారన్న సంఖ్య మాత్రం అతని తలలో భద్రంగా ఉంది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అదే చెప్పాడు.

గంట వినపడి వచ్చేసరికి నా ముందు షట్టరు. కొట్టాను, అరిచాను. పైన సైరన్లు, మనుషుల కేకలు. నా గొంతు నాకే వినపడలేదు. కాసేపటికి దీపాలు ఆరిపోయాయి. ఫోనుకి సిగ్నలు లేదు. తర్వాత మెట్ల మీంచి నీళ్ళు రావడం మొదలైంది. పైన ఫైర్ వాళ్ళు కొడుతున్న నీళ్ళు ఎక్కడికో పోవాలి కదా, కిందికే వస్తున్నాయి. చీలమండలు మునిగాయి, మోకాళ్ళు మునిగాయి. తడుముకుంటూ ఒక చెక్కపెట్టె దొరికించుకుని ఎక్కి, చల్లటి ఇనప పెట్టెని ఒకదాన్ని గట్టిగా పట్టుకున్నాను. నాకు చచ్చేంత భయం వేసింది. ఆ చీకట్లో నేను కోరుకున్నది ఒక్కటే, కరెంటు రావాలని. నేను పట్టుకున్నది భవనం మొత్తానికి మెయిన్ స్విచ్ పెట్టె అని తర్వాత చెప్పారు.

ఇక కంట్రోల్ రూములో జరిగింది. ఇది నేను రిజిస్టరులో చదివాను. అందులో లేనిది అక్కడున్నవాళ్ళు చెప్పారు, ఒక్కొక్కరు రెండేసిసార్లు.

మొదటి ఫోను రెండూ ఇరవై రెండుకి వచ్చింది. భవనం పేరు వినగానే మా అత్తగారు ఫైరు, పోలీసు, అంబులెన్సు కదిలించి, కరెంటు ఇంజనీరుతో ఆ వీధి లైను తీయించి, నీళ్ళ శాఖతో పైపుల్లో వత్తిడి పెంచించింది. ఐదుగురి చేతా తిరిగి చెప్పించింది. తర్వాత తన సొంత ఫోను తీసి నాకు కొట్టింది. అందుబాటులో లేదన్నారు. ల్యాబు ఫోను ఎవరూ ఎత్తలేదు. రిజిస్టరు అంచున పెన్సిలుతో "కోడలు: తెలియదు" అని రాసుకుంది. లోపల ఉందనీ రాయలేదు, లేదనీ రాయలేదు. ఆవిడకి తెలియదు, తెలియకుండా చేసింది నేను.

మూడూ పదికి ఫైర్ ఆఫీసరు లైన్లోకి వచ్చాడు. "అమ్మా, ముందు గుమ్మం నుంచి మేం పంతొమ్మిది మందిని తెచ్చాం. వెనక మెట్ల నుంచి పోలీసులు పన్నెండుమందిని తెచ్చారు. ముప్పై ఒకటి. సరిపోయింది."

"ఎవరు కలిపారు సార్?"

"కలపడమేంటమ్మా, పంతొమ్మిదీ పన్నెండూ."

"రెండు చోట్ల ఇద్దరు లెక్కపెట్టారు. అందరినీ ఒకచోట నిలబెట్టి ఒక్కరు లెక్కపెట్టారా?"

ఒక్కరి చేత అలా లెక్కపెట్టించమని చెప్పి, తిరిగి చెప్పించుకుంది. ఈలోగా కరెంటు ఫోను మోగింది. వీధి లైను తీయడంతో పక్కవీధి ఆసుపత్రికి కూడా కరెంటు పోయింది. జనరేటరులో డీజిల్ ఇంకో ఇరవై నిమిషాలకి మించి రాదు. అందరూ బయటికొచ్చేశారట కదా, లైను ఇచ్చేస్తున్నానన్నాడు ఇంజనీరు.

"ఇవ్వకండి సార్. మళ్ళీ చెప్పండి."

"అది కాదమ్మా, ఆసుపత్రి..."

"ఇవ్వకండి. మళ్ళీ చెప్పండి."

"ఇవ్వను" అన్నాడు పళ్ళు నూరుతూ.

"ఆసుపత్రికి ఇంకో లైను ఉందా?"

ఉందట. వంతెన దగ్గర స్తంభం మీద మార్చాలట. మార్చే లైన్‌మన్ ఉన్నాడు గానీ అతనున్న జీపు, మంట చూడటానికి వచ్చిన జనంలో ఇరుక్కుపోయిందట. మా అత్తగారు ఆ ఫోను పెట్టకుండానే పోలీసు ఫోను ఎత్తింది. "సార్, కూడలి దగ్గర కరెంటు వాళ్ళ జీపుంది. అందులోని లైన్‌మన్‌ని మీ మోటారుసైకిల్ మీద ఎక్కించుకుని వంతెన స్తంభం దగ్గర దింపాలి. మళ్ళీ చెప్పండి." చెప్పారు. రాసింది. వాళ్ళ పక్క వీధిలోనే ఉన్న జీపు సంగతి పోలీసులకి తెలియదు, మోటారుసైకిల్ సంగతి ఇంజనీరుకి తెలియదు. సమన్వయం అంటే కూర తరుగుతూ ఆవిడ చెప్పింది ఇదే.

అప్పుడే పెద్దాఫీసరు వచ్చాడు. ఆయన వెనక విలేకరులు గుమ్మం దాకా వచ్చారు. అందరూ క్షేమం అని చెప్పేసి వచ్చానని, ఇంకా లెక్కేమిటని అడిగాడు. ఒక గుమాస్తా ఆయన చెవిలో ఏదో ఊదాడు. ఆయన గొంతు మారింది.

"మీ కోడలు ఆ బిల్డింగులో పనిచేస్తుందటగా?"

"అవును సార్."

"అందుకా ఈ పట్టుదల? ఇంట్లో గొడవలు ఇక్కడ పెట్టకండి. లేవండి, ఇంకొకళ్ళు కూర్చుంటారు."

"మా కోడలు లోపల ఉందో లేదో నాకు తెలియదు సార్. భయంగానే ఉంది. కానీ లెక్క తేలలేదని చెబుతున్నది అందుకు కాదు, ఎవరూ సరిగ్గా లెక్కపెట్టలేదు కాబట్టి." రిజిస్టరు ఆయన వైపు తిప్పి, పెన్ను మూత తీసి చేతికిచ్చింది. "లేస్తాను. ఇక్కడ 'లోపల ఎవరూ లేరు, కరెంటు ఇవ్వవచ్చు' అని రాసి సంతకం పెట్టండి. టైము నేను వేస్తాను."

పెద్దాఫీసరు పెన్ను వైపు చూశాడు. చాలా మంచి పెన్నే. తర్వాత ఆయనకి వేరే చోట అత్యవసరమైన పని ఒకటి గుర్తొచ్చింది.

భవనం ఎదురుగా కాలిబాట మీద పోలీసు ఇన్‌స్పెక్టరు అందరినీ వరసగా నిలబెట్టి, అత్తగారు ఫోనులో వింటుండగా ఒకటి నుంచి లెక్కపెట్టాడు. ముప్పై దగ్గర ఆగింది. మళ్ళీ లెక్కపెట్టాడు. ముప్పై.

"ఎవరో ఇంటికెళ్ళిపోయి ఉంటారమ్మా."

"వెళ్ళడం ఎవరైనా చూశారా?"

ఎవరూ చూడలేదు.

"ముందు గుమ్మం నుంచి వచ్చినవాళ్ళని చేతులెత్తమనండి సార్."

పంతొమ్మిది చేతులు లేచాయి. ఫైర్ ఆఫీసరు మీసం మీద చెయ్యేసుకున్నాడు.

"వెనక నుంచి వచ్చినవాళ్ళని."

పన్నెండు చేతులు లేచాయి. ఇన్‌స్పెక్టరుకీ గర్వంగానే ఉంది. రెండూ సరిగ్గా ఉన్నాయి, మనిషి మాత్రం ఒకరు తక్కువ. వరసలో నాలుగోవాడు రెండుసార్లూ చెయ్యెత్తడం అంబులెన్సు నర్సు చూసింది. అతను దర్జీ. మెడలో టేపు, చంకలో సగం కుట్టిన కోటు.

"నువ్వు ఎటు నుంచి వచ్చావయ్యా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"రెండు వైపుల నుంచీ సార్."

"ఎన్నిసార్లు వచ్చావు?"

"రెండుసార్లండీ. ఫైర్ వాళ్ళు దింపాక ఈ కోటు గుర్తొచ్చింది. సాయంత్రానికి ఇస్తానని మాటిచ్చాను. వెనక మెట్ల నుంచి వెళ్ళి తీసుకుంటుంటే మీ వాళ్ళు పట్టుకుని దింపారు." నిజాయితీపరుడు. అడిగుంటే మొదటే చెప్పేవాడు, ఎవరూ అడగలేదు.

ఇన్‌స్పెక్టరు ఆ ముక్క ఫోనులో చెప్పాడు. మా అత్తగారి గొంతు ఎప్పటిలాగే వచ్చింది. "అయితే ఒకరు లోపలున్నారు. ఏ దుకాణంలో మనిషి తగ్గిందో అడగండి."

మా ల్యాబు రిసెప్షనిస్టు అప్పుడు నోరు తెరిచింది. "మా టెక్నీషియన్ గొట్టాల పెట్టె కోసం కిందికి వెళ్ళింది. వెనక నుంచి వచ్చేసిందనుకున్నాను." పక్కనే వాచ్‌మన్ కుర్చీలో కూలబడ్డాడు. దాన్ని తెచ్చుకున్నందుకు అప్పుడు పనికొచ్చింది.

మా ల్యాబులో టెక్నీషియన్ని నేనొక్కదాన్నే. ఆ సంగతి మా అత్తగారికి తెలుసు. రిజిస్టరు ఆ పేజీలో అక్షరం ఎక్కడా వంకర పోలేదు. 3:24. బేస్‌మెంటులో ఒకరు. ఫైరుకి చెప్పాను, తిరిగి చెప్పారు. 3:25. నీళ్ళు కొట్టడం ఆపాలి, చెప్పాను, తిరిగి చెప్పారు. 3:26. కరెంటు ఇవ్వకూడదు, ఇంకోసారి చెప్పాను, తిరిగి చెప్పారు. 3:29. ఆసుపత్రికి రెండో లైను మారింది. 3:41. షట్టరు కోశారు. ఒక స్త్రీ, స్పృహలో ఉంది.

నన్ను ఎత్తి తీసుకొచ్చిన ఫైర్ మనిషి భుజం మీద నేను బావురుమని ఏడ్చాను. నడుం దాకా తడిసి, పరీక్ష గొట్టాల పెట్టె ఎందుకో చంకలోంచి వదలకుండా ఉన్నాను. దర్జీ వచ్చి ఆ సగం కోటు నా భుజాల మీద కప్పాడు. ఆ సాయంత్రం మాటిచ్చినవాళ్ళకి ఏం చెప్పుకున్నాడో తెలియదు.

నేను దొరికానని తెలిశాక కూడా మా అత్తగారు నాకు ఫోను చెయ్యలేదు. ముందు భవనం ఇంకోసారి వెతికించింది. ముప్పై ఒక్కమందినీ ఒక్క మనిషి చేత, ఒకచోట లెక్కపెట్టించింది. బేస్‌మెంటు మెయిన్ స్విచ్ తీయించాక వీధికి కరెంటు ఇప్పించింది. మూడూ యాభై ఎనిమిదికి గీత గీసి, "ముగిసింది" అని రాసింది. ఆ తర్వాత ఫైరు ఫోను ఎత్తి, ఆ అమ్మాయికి ఒకసారి ఇవ్వండి సార్ అంది.

అంబులెన్సు మెట్టు మీద కూర్చుని ఫోను చెవికి పెట్టుకున్నాను. ఇప్పుడు తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండనిపించింది.

"ఎక్కడున్నావు?" అంది.

"అంబులెన్సు దగ్గరత్తయ్యా. బాగానే ఉన్నాను."

"మళ్ళీ చెప్పు."

"అంబులెన్సు దగ్గర. బాగానే ఉన్నాను."

అక్కడితో అయిపోవాలి. ముప్పై ఏళ్ళలో ఎవరినీ రెండోసారి అడగని మనిషి. పెన్ను కదులుతున్న చప్పుడు వినపడింది, ఆగింది. ఊపిరి పీల్చిన చప్పుడు వినపడింది.

"మళ్ళీ చెప్పు" అంది. గొంతు ఆవిడది కాదు.

"బాగానే ఉన్నానత్తయ్యా. ఆరింటికి ఇంటికొస్తాను. ఆరింటికి" అన్నాను.

ఆ ఏడాది చివర పై ఆఫీసు నుంచి రిజిస్టర్లు తనిఖీ చేసేవాళ్ళు వచ్చారు. అంతా మెచ్చుకుని ఒక్కచోట ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టారు. ముగిసింది అని గీత గీశాక, దాని కింద "కోడలు బాగానే ఉంది" అని ఒకే నిమిషం వేసి మూడుసార్లు ఎందుకు రాసి ఉంది, వివరణ ఇవ్వాలి అన్నారు. మా అత్తగారు ఆ పక్కనే, ఎప్పటి అక్షరాలతోనే వివరణ రాసింది. "మూడుసార్లు చెప్పింది. చెప్పింది రాయడం నా ఉద్యోగం."